అడక్కుండా తెచ్చుకున్న గొంతు

ఫోనులో పేరు దాచుకోవడం ఎలాగో నాకు మా మేనకోడలు నేర్పింది. రాసే తీరు దాచుకోవడం మాత్రం నా సొంత తెలివితో నేర్చుకున్నాను. ఆ సొంత తెలివి మా వెనక వీధిలో ఒక ఇంటిని ముంచింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పటికీ రాజోలు వెళ్ళే ఆటో ఎక్కితే జరిగి చోటిస్తారు, కూర్చోండి రైటరు గారూ అంటారు.

నేను దస్తావేజు లేఖరిని. రాజోలులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా మేం ఏడుగురం ఉన్నాం. నాది వరసలో చివరి కొట్టు. క్రయాలు, దానాలు, భాగపంపకాలు, లీజులు రాస్తాను. అవేవీ తగలని రోజున అర్జీలు రాస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మా ఊరు అక్కడికి ఆటోలో అరగంట దూరం, గోదావరి పాయ పక్కన. ఊరి పేరు చెప్పను. చెప్పకపోయినా తెలిసేవాళ్ళకు తెలుస్తుంది, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

మా ఊళ్ళో వరిచేలు రొయ్యల చెరువులుగా మారిపోయాయి. ఒక్క రోజులో కాలేదు. ఒక్కొక్క లీజూ నా చేత్తోనే రాశాను కాబట్టి ఏ చేను ఏ నెలలో చెరువైందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. సగం పైగా చెరువులు ప్రెసిడెంటు గారివి. ఆయన పదవి దిగి చాలాకాలమైంది గానీ ఊరికి ఆయన ఇంకా ప్రెసిడెంటు గారే. మాట మెత్తన. పాలేరును కూడా అండీ అంటారు. ఆయనకు కోపం వచ్చిందని తెలియడానికి మనకు వారం పడుతుంది.

చెరువుల్లోకి ఉప్పునీరు తోడతారు. రొయ్య పట్టేశాక ఆ నీటిని చేలకు నీరు పారే పంటబోదెలోకి వదిలేస్తారు. నాలుగేళ్ళకు మా పెరటి నుయ్యి ఉప్పెక్కింది. కొబ్బరిచెట్లకు పిందె నిలవడం మానేసింది. నా భార్య తలంటుకుంటే జుట్టు జిగటగా ఉండిపోయేది. మొదటిసారి ఇరవైమంది చేత సంతకాలు పెట్టించి అర్జీ రాశాను. నాకు సంతకం పెట్టే ధైర్యం లేక, రాసినవాడు పెట్టకూడదని ఒక రూలు అప్పటికప్పుడు పుట్టించాను. సాయంత్రానికల్లా ఆ ఇరవై పేర్లూ ప్రెసిడెంటు గారి అరుగు మీదకు చేరాయి. ఆయన ఒక్కొక్కరినీ కాఫీకి పిలిచారు. వారం తిరిగేసరికి పద్దెనిమిదిమంది ఆ అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని ఇంకో అర్జీ రాయించుకున్నారు. అది కూడా నా కొట్లోనే.

అప్పుడు మా మేనకోడలిని అడిగాను. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం దానిది. వేరే సిమ్ము, వేరే మెయిలు, నా మొహం లేని ఒక పేజీ, దానికి ఒక దొంగపేరు. మా మండలం వాళ్ళంతా ఫోనులో చూసే చోట ఆ పేజీ పెట్టి తాళం నా చేతికిచ్చింది. నాకు యాభై ఆరేళ్ళు. మొదటిసారి నా మాట నా కోసం రాసుకుంటున్నాననిపించి, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి.

మూడో పోస్టులోనే దొరికిపోబోయాను. ఏ చెరువు నుంచి నీళ్ళు వదులుతున్నారో జనానికి తెలియాలి కదా అని ఆ చెరువును వర్ణించాను. తూర్పున పుంతదారి, దక్షిణాన కొబ్బరితోట, పడమర పంటబోదె, ఉత్తరాన శ్మశానం, ఈ నాలుగు హద్దుల మధ్యనున్న చెరువు అని రాశాను. నాకు అది వర్ణన అనిపించింది. ఇంకోలా ఒక చోటును చెప్పవచ్చని నాకు తోచనే లేదు. మర్నాడు పొద్దున్న ఆఫీసు పక్క టీకొట్లో ఒకాయన ఫోను చూసి దాన్ని పైకి చదివాడు. చదివి నవ్వాడు.

"ఇదెవడో దస్తావేజుల బాపతండీ. మామూలు మనిషి శ్మశానం పక్క చెరువు అంటాడు గానీ ఉత్తరం దిక్కు ఎత్తుతాడా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. టీ సగంలో వదిలేసి లేచాను. కొట్టుకు వెళ్ళి ముందు ఆ పోస్టు తీసేసి, తలుపు దగ్గరకు వేసి మా మేనకోడలికి ఫోను చేశాను.

"మావయ్యా, ఇప్పుడు పేరుతో పనిలేదు," అంది. "నువ్వు రాసినవని తెలిసిన కాగితాలు ఒక పక్క, ఎవరివో తెలియనివి ఒక పక్క పెట్టుకుంటారు. వాక్యం ఎంత పొడుగు, ఏ చిన్న మాట ఎన్నిసార్లు వస్తోంది, సంగతి ఎక్కడ మొదలెడతావు, ఎక్కడ ఆపుతావు, అన్నీ కంప్యూటరు లెక్కేసి పోలుస్తుంది. నీకు తెలిసి చేసేవి నువ్వు మార్చుకోగలవు. తెలియకుండా చేసేవే పట్టిస్తాయి."

"అయితే మానేయమంటావా?"

"మానెయ్యక్కర్లేదు. చిన్నగా రాయి. రాసినదాన్ని ఫోనుకిచ్చి చప్పగా తిరగరాయించు. ఇద్దరు ముగ్గురికే తెలిసిన సంగతి పెట్టకు. ఎవరిలాగానూ లేకుండా ఉండాలి. అలాగని ఇంకొకళ్ళలా మాత్రం రాయకు మావయ్యా. అది నీ దగ్గర్నుంచి పోయి వాళ్ళ మీద పడుతుంది."

అంత స్పష్టంగా చెప్పింది. నాకు చెప్పలేదని నేను ఎవరితోనూ అనలేను.

మూడు నెలలు దాని మాట విన్నాను. 'బోదె నీరు ఉప్పగా ఉన్నది. సంబంధిత అధికారులు స్పందించాలి.' అలాంటివి. పంచాయతీ గోడకు అంటించిన నోటీసును ఆవు కూడా చూడకుండా పోతుంది, నా పోస్టుల గతి అదే అయింది. ముగ్గురు చూసేవారు, అందులో ఒకరు మా మేనకోడలు. ముప్పై ఏళ్ళు ఊరివాళ్ళ పేరు మీద రాసి బతికిన నాకు అంత అహంకారం ఉందని అప్పుడే తెలిసింది. నీళ్ళ బాధ కంటే ఎవరూ చదవడం లేదన్న బాధ ఎక్కువైంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ రోజుల్లోనే ఆవిడ నా కొట్టుకు వచ్చింది.

ఆవిడది మా వెనక వీధి. మొగుడు కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీద నుంచి పడి నడుం చచ్చుబడింది. అతన్ని చూసుకుంటూ ఆవిడ ప్రెసిడెంటు గారి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళేది. పొద్దుటి నుంచి మంచు గడ్డల్లో చేతులు పెట్టి చేసే పని అది. వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉండేవి. మొగుడికి పింఛను కోసం అర్జీ రాయించడానికి వచ్చింది. అర్జీకి కావలసింది పడిన తేదీ, ఆసుపత్రి కాగితం. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.

"ముందు నా తప్పు చెప్పేస్తానండి బాబాయ్ గారూ. ఆవేళ చినుకులు పడుతున్నాయండి. మట్ట జారుద్దని నాకు తెలుసండి. అయినా చద్దన్నం పెట్టి పంపించేసేను. వద్దని గట్టిగా ఒక్క మాట అనలేదండి. తప్పు నాదే కదండీ. మరి మీరైతే ఏం చేస్తారండీ, ఆ మనిషి గెల తాడు భుజాన వేసుకుని గుమ్మంలో నుంచుంటే?"

ఆవిడ ఏ సంగతి చెప్పినా అలాగే మొదలవుతుంది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నా ముందు తన తప్పు ఒకటి వెతికి మన ముందు పెడుతుంది. తర్వాత జరిగింది చెబుతుంది, ఎవరినీ తిట్టదు. చివర్న మనల్ని అడుగుతుంది, మీరైతే ఏం చేస్తారని. ఊళ్ళో అందరికీ ఆ అలవాటు తెలుసు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆవిడలా మాట్లాడి నవ్వుకుంటారు. ఆవిడ వింటే ఆవిడా నవ్వుతుంది.

పింఛను రాలేదు. నెల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. కాగితం రాస్తుంటే మధ్యలో పప్పు సంగతి చెప్పింది.

"మొన్న మా ఆడపడుచు వస్తే కందిపప్పు వండేనండి. ముందు తప్పు నాదేనండి, నానబెట్టలేదు. ఎనిమిదింటికి పొయ్యి మీద పెట్టేను. పదకొండైనా గింజ గింజలాగే ఉందండి. ఆ నీళ్ళకి ఉడకట్లేదండి. మా ఆడపడుచు ముద్ద నోట్లో పెట్టుకుని నా మొహం చూసి ఏమీ అనలేదు. అనేసినా బాగుండునండి. మంచినీళ్ళు ఇద్దామని చెంబు తీసేను. చెంబులోవీ ఆ నీళ్ళే కదండీ. చెంబు పట్టుకుని అలా నుంచుండిపోయేను. మరి మీరైతే ఏం చేస్తారండీ?"

నేను కలం కింద పెట్టేశాను. ఇరవై సంతకాల అర్జీలో నేను చెప్పలేనిది అందులో ఉంది.

ఆవిడ వెళ్ళిన గంటలోపే రాశాను. ఆడపడుచును పిన్నిని చేశాను, కందిపప్పును పెసరపప్పు చేశాను. ఊరు తీసేశాను. అదే దాపరికం అనుకున్నాను. ముందు తన తప్పు చెప్పుకోవడం ఉంచాను, చెంబు ఉంచాను, చివరి ప్రశ్న ఉంచాను. అవి తీసేస్తే అందులో ఏమీ మిగలదని నాకు తెలుసు. అర్జీలు రాసేవాడికి ఎదుటి మనిషి మాట పట్టుకోవడం పెద్ద పని కాదు. ముప్పై ఏళ్ళలో వందలమంది మాటలు చెవిలో పడి ఉన్నాయి. నాది కాని గొంతుతో రాస్తున్నాను కాబట్టి నన్నెవరూ పోల్చుకోలేరనుకుని ధీమాగా పోస్టు పెట్టాను.

సాయంత్రానికి అది మండలం దాటింది. మస్కట్‌లోనూ దుబాయ్‌లోనూ ఉన్న మా వాళ్ళు చదివి ఏడ్చామని రాశారు. ఎవరో ఒకాయన తల్లికి ఫోను చేసి, అమ్మా మన పప్పు ఉడుకుతోందా అని అడిగాడట. రెండు నెలల్లో అలాంటివి ఆరు రాశాను. ఆరింటికీ ఆవిడ గొంతే. కొన్ని ఆవిడ చెప్పినవి, కొన్ని ఆవిడైతే ఎలా చెబుతుందో అని నేను కల్పించినవి. ఆరోదాని తర్వాత కాలుష్యం ఆఫీసు వాళ్ళు సీసాలు పట్టుకుని వచ్చి బోదెలోవి, నూతుల్లోవి నీళ్ళు పట్టుకెళ్ళారు. బోదెలోకి నీరు వదలొద్దని ప్రెసిడెంటు గారి రెండు చెరువులకు నోటీసు అంటించారు. ఆ వారం నేను బజారులో ఛాతీ విరుచుకుని నడిచాను.

మా మేనకోడలు ఫోను చేసింది. "ఇది ఎవరి గొంతు మావయ్యా?"

"ఎవరిదీ కాదు. నేనే కల్పించాను," అన్నాను.

"నువ్వు ఇంత బాగా కల్పించలేవు," అంది. నాకు ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను.

ఆ వారంలోనే ప్రెసిడెంటు గారు నా కొట్టుకు వచ్చారు. ఆరు పోస్టులూ కాగితాల మీద అచ్చు తీయించి తెచ్చారు. బల్ల మీద పరిచి, కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నారు.

"రైటరు గారూ, మీరు ఎంతోమంది మాటలు విన్నవారు. ఇది ఎవరి మాటో మీకు తెలియకుండా ఉండదండి."

"ఇవాళా రేపూ ఎవరైనా రాయచ్చండీ," అన్నాను.

"అదే మా అల్లుడు కూడా అన్నాడండి. బెంగళూరులో ఇలాంటి పనే ఆయనది. ఊళ్ళో వాళ్ళు రాసినవి కొన్ని పంపిస్తే కంప్యూటరులో వేసి పోల్చి మనిషిని చెప్పేస్తానంటున్నాడు. ఊళ్ళో రాతలంటే ఎక్కడుంటాయండీ? మీ దగ్గర అర్జీల నకళ్ళు ఉంటాయి కదా. అవి ఇప్పిస్తారేమోనని వచ్చేనండి."

నా బీరువాలో ఉన్న అర్జీలన్నీ ఎవరెవరి పేర్ల మీదో ఉన్నా, వాక్యాలు కట్టింది నేను. ఆ అర్జీలనూ ఈ ఆరింటినీ పక్కపక్కన పెట్టి ఏ మిషనైనా పోలిస్తే అన్ని పేర్ల కిందా ఒకే మనిషి కనపడతాడు. ఎంత ఆవిడలా రాసినా నా చిన్న చిన్న మాటలు ఎక్కడ దూరాయో నాకే తెలియదు. తెలియకుండా చేసేవే పట్టిస్తాయని మా పిల్ల చెప్పింది. ప్రెసిడెంటు గారి లీజులు పోతే నా కొట్టు నడవదు. అంతకంటే, ఆయన నన్ను కాఫీకి పిలిచే రోజుకు ఎక్కువ భయపడ్డాను.

అప్పుడు ఈ మాటలు అన్నాను. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"మిషను దాకా ఎందుకండీ. ఇది చదువుకున్నవాళ్ళ రాత కాదు. ఎవరో ఆడమనిషి చెబితే ఇంకెవరో ఫోనులో కొట్టినట్టుంది."

ప్రెసిడెంటు గారు కాగితాలు మళ్ళీ దగ్గరకు తీసుకున్నారు. ఈసారి పెదాలు కదుపుతూ చదివారు. మూడో కాగితం దగ్గర ఆగారు.

"ముందు తన తప్పు చెప్పుకుంటోంది చూశారా," అన్నారు. తర్వాత ఆవిడ పేరు అన్నారు. "మన షెడ్డులో చేస్తుంది. ఆవిడే కదండీ?"

కాదనడానికి నాకు బోలెడు సమయం ఇచ్చారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నకళ్ళ సంగతి ఆయన ఇంక ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడను అరుగు దగ్గరకు పిలిపించారు. నన్నూ రమ్మన్నారు, పెద్దమనిషిగా. ఆవిడ షెడ్డు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్టు కింద నిలబడింది. ప్రెసిడెంటు గారు కాగితాలు చూపించి, నెమ్మదిగా, ఇవి ఎవరి చేత రాయించేరమ్మా అని అడిగారు. ఆవిడకు అర్థం కాలేదు. చదవడం సరిగ్గా రాదు. ఆయనే పప్పు సంగతి పైకి చదివి వినిపించారు. వింటుంటే ఆవిడ మొహంలో రంగు మారింది. మాటలు తనవే. తనకు తెలియకుండా అక్కడికి ఎలా వచ్చాయో తెలియదు.

"నేను రాయించలేదండి," అంది. ఆ వెంటనే ఎప్పటిలాగే మొదలెట్టింది. "తప్పు నాదేలెండి. నోరు ఊరుకోదు కదండీ. కుళాయి దగ్గరో ఎక్కడో వాగుంటాను. ఎవరో విని రాసుంటారు. మరి మీరైతే ఏమనుకుంటారండీ, నేనే అనుకోరా?"

ప్రెసిడెంటు గారు నా వైపు చూసి చిన్నగా నవ్వారు. "అదే గొంతండి," అన్నారు.

నా ఫోను చొక్కా జేబులో ఉంది. పేజీ అందులో ఉంది. ఆవిడ అక్కడ వట్టి చేతులతో నిలబడి ఉండగానే, నేను పక్కకు వెళ్ళి అదే గొంతుతో రెండు ముక్కలు రాసి పెడితే, ఆవిడ కాదని అందరికీ తేలిపోయేది. ఆ ఆలోచన నాకు ఆ క్షణంలోనే వచ్చింది, తర్వాత కాదు. లోపలి నుంచి కాఫీ వచ్చింది. తాగాను.

ఎవరూ ఆవిడను తిట్టలేదు. షెడ్డులో మేస్త్రీ రెండు రోజుల తర్వాత ఇప్పుడు సరుకు తక్కువగా ఉందమ్మా, కబురు చేస్తాం అన్నాడు. పక్క షెడ్డులోనూ అదే మాట. కుళాయి నీళ్ళూ ఉప్పెక్కాయి కాబట్టి, నోటీసు అంటించేదాకా ప్రెసిడెంటు గారు తన ట్రాక్టరు మీద వారానికి రెండుసార్లు ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు పంపేవారు. ఇప్పుడు దాన్ని ఆపేశారు. ఆడవాళ్ళు బిందెలు మోసుకుని పక్క ఊరికి నడవాల్సి వచ్చి, అది ఎవరి వల్లో తెలుసు కాబట్టి, ఆవిడ కుళాయి దగ్గరకు వస్తే మాట్లాడుకోవడం ఆపేవారు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఎవరూ ఆవిడలా మాట్లాడి నవ్వుకోలేదు. నా భార్యా వాళ్ళలో ఉంది. ఇంటికొచ్చి, ఆవిడ అంత కడుపులో పెట్టుకుందని తెలియదండీ, అంది. నేను అన్నం తింటున్నాను.

నాలుగు నెలలు లాగింది. తర్వాత కాగితాలు పట్టుకుని నా కొట్టుకు వచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి ఏజెంటు వీసా చూశాడు. మొగుడికి అభ్యంతరం లేదని ఒక పత్రం కావాలి. అతన్ని ఎవరు చూస్తారని అడిగాను. అత్తగారు చూస్తుందంది. ఆ అత్తగారికి కళ్ళు సరిగా కనపడవు. నాకు తెలుసు.

నేను రాస్తూ ఉంటే ఆవిడ గోడ కేసి చూస్తూ అంది.

"ఎవరో గానీ భలే రాసేరండీ బాబాయ్ గారూ. నా నోట్లోంచి తీసినట్టే ఉంది. చదివించుకుని విన్నాను అన్నీ. ఆ చెంబు సంగతి నేను మా ఆయనకి కూడా చెప్పలేదండి. ఎవరికి చెప్పేనా అని రోజూ ఆలోచిస్తాను. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పినట్టు గుర్తు రావట్లేదు."

నేను తలెత్తలేదు. రాస్తున్న వాక్యం పూర్తి చేశాను. ఇక్కడ సంతకం పెట్టాలమ్మా, మీ ఆయన చేత ఇక్కడ, అన్నాను. ఆవిడ కాసేపు కదలకుండా కూర్చుంది. నేను ఏదైనా అంటానని కూర్చుందో, అలసిపోయి కూర్చుందో. ఆవిడకు తెలుసో తెలియదో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిస్తే నన్ను తిట్టకుండా ఎందుకు వెళ్ళింది? తెలియకపోతే ఆ మాట నాతో ఎందుకు అంది? కాగితం మడిచి చీర కొంగులో పెట్టుకుని, వస్తానండి, అని వెళ్ళిపోయింది.

ఆవిడ విమానం ఎక్కిందని తెలిశాక మా మేనకోడలికి అన్నీ చెప్పాను.

"ఇప్పుడైనా ఒకటి పెట్టు మావయ్యా," అంది. "ఆవిడ అక్కడ ఎవరింట్లోనో ఉంది. ఫోను వాళ్ళు తీసేసుకుంటారు. ఇప్పుడు అదే గొంతుతో ఊరి సంగతి ఒక్కటి వస్తే చాలు, ఆవిడ కాదని అందరికీ తెలుస్తుంది."

సరే అన్నాను. రాశాను కూడా. బోదెలో చచ్చి తేలిన చేపల గురించి. నా తప్పు ముందు చెప్పి మొదలుపెట్టాను. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు ఆవిడ గొంతు మళ్ళీ పలికితే, ఆ గొంతు ఎవరి చెవిలో పడిందా అని ప్రెసిడెంటు గారు వెతుకుతారు. ఆవిడ అర్జీలు రాసింది నేనొక్కణ్ణే. అంత దూరం ఆలోచించగలిగే తెలివి నాకెప్పుడూ ఉంటుంది. పోస్టు పెట్టలేదు. పేజీ అలాగే ఉండిపోయింది. ఆవిడను అరుగు దగ్గరకు పిలిపించిన రోజు నుంచి అందులో ఒక్క ముక్క రాలేదని ఊరంతా గమనించారు. ఇంకేం రుజువు కావాలి అన్నారు. ఆ మచ్చ కడిగెయ్యగలిగింది నేనొక్కణ్ణే, రోజూ కడగకుండా ఉండి ఆవిడ మీద మరికాస్త పూస్తున్నాను.

పోయిన నెలలో ప్రెసిడెంటు గారు లీజు రాయించడానికి వచ్చారు. నోటీసుల గొడవ సర్దుబాటైపోయింది. కొత్త చెరువుకు దారి కలవాలంటే మా వెనక వీధిలో పాతిక సెంట్ల కొబ్బరిదొడ్డి కావాలి. అది ఆవిడ మొగుడిది. అతన్ని ఆటోలో తెచ్చి, ఇద్దరు పట్టుకుని నా కొట్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. గెడ్డం పెరిగి ఉంది. కాళ్ళ మీద దుప్పటి కప్పారు. నేను కాగితం రాయడం మొదలుపెట్టాను. ప్రెసిడెంటు గారు ఊసుపోకకు మాట కలిపారు.

"చూశారా రైటరు గారూ," అన్నారు మామూలుగా. "ఆవిడ్ని పిలిచి అడిగేక ఒక్క పోస్టు రాలేదు. ఆవేళ మీరు చెప్పబట్టి తెలిసింది గానీ, లేకపోతే మేం ఎవరెవర్ని అనుమానించేవాళ్ళమో కదండీ."

బెంచీ మీద అతను తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా చూడలేదు. ఏదో లెక్క తేలనివాడు చూసినట్టు చూశాడు.

"మీరు చెప్పేరాండీ, బాబాయ్ గారూ?"

"ఆయ్," అన్నాను.

చెప్పానన్నంతవరకే ఒప్పుకున్నాను, రాసింది నేనేనని అనలేదు. అతను ఇంకా ఏదో అడగబోయి, ప్రెసిడెంటు గారు ఉన్నారని ఆగాడు. తర్వాత దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి, ఎక్కడ పెట్టాలండీ అన్నాడు. కాగితం అతని ఒళ్ళో పెట్టి, సంతకం చోటు వేలితో చూపించాను.